బియ్యానికి రంగెందుకు?

రెండేళ్ళ పిల్ల ఉన్న ఇంట్లో బియ్యానికి రంగు వేయాల్సిన అవసరం ఏమీ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, ప్లాస్టిక్ టబ్బు నిండా గులాబీ, నీలం, పచ్చ రంగుల బియ్యం పోసి, అందులో చెక్క చెంచాలు, చిన్న చిన్న జంతువుల బొమ్మలు పెట్టి, తెల్ల గౌను వేసుకున్న పిల్ల దాని ముందు బుద్ధిగా కూర్చుని ఆడుకుంటున్న వీడియోలే. కింద 'సెన్సరీ ప్లే', అంటే ఇంద్రియాలతో ఆడే ఆట అని రాసి, దీనివల్ల మెదడు ఎదుగుతుందని, మాటలు తొందరగా వస్తాయని చెప్తారు. ఆ బియ్యం తర్వాత ఏమైందో ఏ వీడియోలోనూ చూపించరు. ఎవరు ఊడ్చారో అసలే చూపించరు.

ఆటతో నాకే పేచీ లేదు. పిల్లలు చేత్తో, నోటితో, ముక్కుతో లోకాన్ని తెలుసుకుంటారన్నది కొత్త మాట కూడా కాదు. టెట్‌కో డీఎస్సీకో చదివిన ఎవరినైనా అడగండి, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే చెప్పిన నాలుగు దశలూ నిద్రలో లేపినా ఒప్పజెప్తారు. అందులో మొదటిదే పుట్టినప్పటి నుంచి రెండేళ్ళ దాకా ఉండే ఇంద్రియ చాలక దశ. వస్తువుని పట్టుకుని, పిసికి, నాకి, కింద పడేసి, మళ్ళీ తీసుకుని, అది ఎలాంటిదో బిడ్డ తేల్చుకునే కాలం. రెండు నిండగానే ఆ పని ఆగిపోదు, ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ఆడాలి, బాగా ఆడాలి. నా పేచీ అంతా ఆ ఆటని ఇంట్లో ఎలాగూ జరిగే పనుల నుంచి విడదీసి, విడిగా సామాను కొని, విడిగా టైము పెట్టి, ఫొటో తీసుకునే ఒక 'యాక్టివిటీ'గా మార్చేయడంతో. బెంగళూరులో రెండు పడగ్గదుల అద్దె ఫ్లాటులో, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో అలాంటిది ఒక వారం నడిస్తే గొప్ప. ఇంటి పనిలోకే పిల్లని రానిస్తే మాత్రం రోజూ నడుస్తుంది, ఎందుకంటే పప్పు కడగడం, పిండి కలపడం మనం ఎలాగూ మానలేం.

మా అత్తయ్యది ప్రొద్దుటూరు. మారతహళ్ళి వైపు ఉండే చాలా తెలుగు ఇళ్ళలోలాగే మా ఇంట్లోనూ పిల్లని చూసుకోడానికి ఒక డ్యూటీ చార్టు ఉంది, కొన్ని నెలలు మా అమ్మ, కొన్ని నెలలు అత్తయ్య. మా ఆవిడ ఆ రంగు బియ్యం వీడియో చూపిస్తే అత్తయ్య అన్నదల్లా ఒకటే: "తినే బియ్యానికి రంగేసేదేంది నాయనా? ఆడుకునేదానికి ఇంట్లో ఇంకేం దొరకలేదా?" వీడియో చూపించింది కూతురు, ప్రశ్న నాకు. అది వేరే సంగతి. దీన్ని పాతకాలపు చాదస్తం అనుకునేవాళ్ళుంటారు. నేను అనుకోను. అన్నం పరబ్రహ్మ స్వరూపం అన్న నమ్మకాన్ని పక్కన పెట్టి చూసినా ఆవిడ లెక్క సరైనదే. రంగేసిన కిలో బియ్యం మళ్ళీ కుక్కర్లోకి పోదు, కొన్నాళ్ళు డబ్బాలో ఉండి పురుగు పట్టి చెత్తబుట్టలోకి పోతుంది. రంగు వేయని బియ్యమైతే పిల్ల చేతులు కడిగి కాసేపు ఆడనిచ్చి, జల్లించి, ఇంకో రెండు నీళ్ళు ఎక్కువ పోసి కడిగి వండేసుకోవచ్చు. అరచేతికి ఆ రెండు బియ్యాలకీ తేడా ఏముంటుంది? కంటికి రంగులే కావాలంటే కందిపప్పు, పెసరపప్పు, మసూరుపప్పు, రాగులు, నువ్వులు ఐదు గిన్నెల్లో పెట్టి చూడండి.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆడిన సరుకు తిరిగి వంటకైనా పోవాలి, మొక్కలకైనా పోవాలి. దీనికి నేను ఇంకోటి కలిపాను: ఆడించినవాళ్ళే ఊడ్వాలి.

ఈ రెండోదాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పిల్లల పెంపకం మీద సలహాలిచ్చే ఎవరూ దీన్ని పట్టించుకోరు. మా ఇంటికి పనికి వచ్చే అక్కది అనంతపురం వైపు. పొద్దున ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పరుగే ఆమెకి, ఒక్కో ఇంట్లో ఉండేది ముప్పావు గంటో ఎంతో. ముందు రోజు సాయంత్రం బాల్కనీ తలుపు జారే గాడిలోకి సగ్గుబియ్యం పడి ఉంటే, దాన్ని చీపురు పుల్లతో ఒక్కొక్కటే తీస్తూ కూర్చునేది ఆమె. సోఫా కిందికి పోయిన రవ్వకి చీమలు పడితే చూసుకునేది అత్తయ్య. పిల్ల మెదడు ఎదగడం కోసం మనం పెట్టిన ఆటకి కూలి ఇంకెవరో చెల్లిస్తున్నారు. 'పిల్లల్ని పాడు చేయనివ్వండి, మురికి మంచిదే' అని సబ్బుల ప్రకటనల్లో చెప్పినంత తేలిగ్గా నేను చెప్పలేను. ఊడ్చేది నేనే అని తెలిశాక ఆట ఎక్కడ పెట్టాలి, ఎంత పోయాలి, ఎప్పుడు ఆపాలి అన్నవాటి మీద నా తెలివి ఎలా పెరిగిందో చూడాలి!

ఉదాహరణకి, నేల మీద పేపర్ పరవడం దండగ. నిమిషంలో చింపుతారు. పాత డబుల్ కాట్ దుప్పటి పరిచి, మధ్యలో చపాతీ పిండి కలిపే పెద్ద బేసిన్ పెట్టి, అందులో గ్లాసుడు సరుకు మాత్రమే పోస్తే, అయిపోయాక దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని ఎత్తేయొచ్చు. గ్లాసుడు ఎందుకంటే పిల్లలకి కిలో అక్కర్లేదు. టబ్బు నిండా పోస్తే మనకి బాగుంటుంది, వాళ్ళకి కావాల్సింది ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోయడం, చివరికి మొత్తం గుమ్మరించడం. ఆ గుమ్మరించడాన్ని మనం ఆట చెడిపోవడం అనుకుంటాం, వాళ్ళకి అదే అసలు ఆట. స్టీలు పళ్ళెంలో కందిపప్పు పడితే ఒక చప్పుడు, దుప్పటి మీద పడితే చప్పుడే లేదు, ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత పెట్టి ఊపితే ఇంకోలా ఉంటుంది. మా చిన్నది ఈ మూడింటి మధ్య తిరుగుతూ తన మానాన తను ఏదో తేల్చుకుంటూ ఉంటుంది. నేను పక్కనే కూర్చుని 'ఇది పసుపు, ఇది గుండ్రం' అని పాఠం చెప్పను. ఇంట్లో పిల్లకి టీచర్లు ఇప్పటికే ఎక్కువయ్యారు.

ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. కార్పెట్ ఉన్న గది వద్దు, బాల్కనీ గాడి పక్కన వద్దు. మా ఫ్లాటులో వంటింటి వెనక వాషింగ్ మెషిన్ ఉండే యుటిలిటీ అన్నిటికన్నా మేలు. నేల తడిసినా పర్వాలేదు, నీళ్ళు పోయే దారి ఉంటుంది, గోడకి టైల్స్ ఉంటాయి. హాలు గోడకి పసుపు చెయ్యి తగిలితే ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో పెయింటింగ్ కింద ఎంత కోస్తారో బెంగళూరులో అద్దెకున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇక ఏమేం ఆడతాం అంటే, ముందు చపాతీ పిండి. బజార్లో డబ్బాల్లో అమ్మే రంగుల పిండి కన్నా ఇది వెయ్యి రెట్లు నయం అంటాను, ఖరీదు గురించి కాదు. డబ్బాలోది తీసేసరికే తయారై ఉంటుంది. ఇంట్లో కలిపేటప్పుడు పొడి పిండి మెత్తగా జారేది, నీళ్ళు పడగానే వేళ్ళకి అతుక్కునేది, కాస్త పిసికాక వేళ్ళని వదిలేసేది, నూనె రాస్తే నున్నగా అయ్యేది, ఇదంతా పిల్ల కళ్ళముందు, చేతుల్లో జరుగుతుంది. పొడి పిండి దశలోనే దాన్ని పిలవాలి, అయిపోయాక ఒక ఉండ చేతిలో పెడితే సగం ఆట పోయినట్టే. పచ్చి పిండి తినే వస్తువు కాదు కాబట్టి నోట్లో పెట్టుకోకుండా చూస్తుండాలి. మైదాలో బోలెడు ఉప్పు కలిపి ఉడికించే పిండి ముద్ద ఒకటి నెట్‌లో తిరుగుతూ ఉంటుంది, నెలల పాటు చెడిపోదని. ఇంకా ప్రతిదీ నోట్లో పెట్టుకునే పిల్ల ఉన్న ఇంట్లో అది వద్దు, అంత ఉప్పు లోపలికి పోతే నిజంగా ప్రమాదం.

కొంతమంది పిల్లలకి చేతికి అంటుకునేది ఏదీ నచ్చదు. పిండి ముట్టుకోగానే చేతులు దూరంగా చాపి ఏడుస్తారు. వాళ్ళ చెయ్యి పట్టుకుని పిండిలో పెట్టించే పెద్దల్ని చూశాను. దయచేసి అలా చేయకండి. ఒక చెంచా ఇవ్వండి, చపాతీ కర్ర ఇవ్వండి, పొడిగా ఉన్న అటుకులు ఇవ్వండి. ముట్టుకోవాలనిపిస్తే వాళ్ళే ముట్టుకుంటారు.

ఆకుకూర బాగుచేయడం రెండోది. గోంగూర ఆకులు కాడ నుంచి తుంపడం చిన్న వేళ్ళకి సరిగ్గా సరిపోయే పని. సగం ఆకులు నలుగుతాయి, ఎలాగూ ఉడికేవే. కొత్తిమీర, కరివేపాకు, పుదీనా వాసన చూపిస్తే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చడానికి బదులు ఊదుతారు, ఆ ఊదడం నుంచి పీల్చడానికి రావడం కూడా ఒక నేర్పే. పాలకూర కట్ట బేసిన్‌లో ముంచి ఊపితే మట్టి అడుగుకి దిగడం చూసి మా చిన్నది రోజూ అదే కావాలంటోంది. ఆ బేసిన్ నీళ్ళు మొక్కలకి. పచ్చిమిరపకాయలు మాత్రం అదే బల్ల మీద ఉండకూడదు. ఆ చేతులు నేరుగా కళ్ళ దగ్గరికే పోతాయి.

నీళ్ళ దగ్గరికి వస్తే బెంగళూరులో కొంచెం ఆలోచించాల్సిందే. 2024 వేసవి గుర్తుంది కదా, బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల కోసం అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో యుద్ధాలు జరిగి, మార్చిలో జలమండలి తాగునీటితో కార్లు కడిగినా, తోటలకి పోసినా ₹5,000 జరిమానా అని ప్రకటించింది. అలాంటి ఊళ్ళో పిల్లకోసం గాలితో ఉబ్బే స్విమ్మింగ్ పూల్ కొని బాల్కనీలో నింపడం నాకు మనసొప్పదు. అక్కర్లేదు కూడా. రెండు మగ్గుల నీళ్ళు, ఒక స్పాంజి ముక్క, టీ వడపోసే జల్లెడ, గరిటె చాలు. స్పాంజి నీళ్ళని తాగేయడం, పిండితే మళ్ళీ కక్కేయడం, జల్లెడలో నీళ్ళు ఎందుకు ఆగవన్న కోపం, ఇంతే ఆట. రుమాలు ఉతకమని ఇస్తే ఇంకా మంచిది. డిసెంబరు, జనవరిలో అయితే మధ్యాహ్నం ఎండ వచ్చాకే, లేకపోతే ముక్కు కారుతుంది అని అత్తయ్య ఎలాగూ ఆపేస్తుంది. ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకూడదు: నీళ్ళున్న బకెట్ దగ్గర పిల్లని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. తల బరువుకి ముందుకి పడితే అడుగున రెండంగుళాల నీళ్ళున్నా మునిగిపోతారు, పైగా చప్పుడే రాదు. మన బాత్‌రూముల్లో ఎప్పుడూ నిండి ఉండే బకెట్లు ఆట కాకపోయినా ప్రమాదమే.

జాగ్రత్తల మాట వచ్చింది కాబట్టి ఇంకాస్త. వీడియోల్లో కనిపించే రాజ్మా, శనగలు, పల్లీల టబ్బులు మూడేళ్ళ లోపు పిల్లలకి పనికిరావు. బొమ్మల భద్రత ప్రమాణాల్లో చిన్న వస్తువుల్ని పరీక్షించడానికి ఒక గొట్టం వాడతారు, దాని వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టే వస్తువు మూడేళ్ళ లోపు పిల్లల గొంతుకి అడ్డం పడగలదని లెక్క. వంటింట్లో గింజలన్నీ అందులో పట్టేవే. మన దేశంలో పిల్లల ఊపిరితిత్తుల దారిలోకి పోయేవాటిలో పల్లీలది ఎప్పుడూ ముందు వరసే, ఐదేళ్ళ లోపు పిల్లలకి పల్లీ పూర్తి గింజగా తినడానికి కూడా ఇవ్వకూడదు. శనగ గింజ ముక్కులోకి పోతే తేమకి ఉబ్బి ఇంకా బిగుసుకుపోతుంది. పచ్చి రాజ్మాలోనైతే విషమే ఉంటుంది, నానబెట్టి బాగా ఉడికించాకే అది తిండి. అందుకే మేము వాడేది సన్న సరుకు: బియ్యం, రవ్వ, అటుకులు, రాగిపిండి. కందిపప్పు అయితే మనిషి పక్కన కదలకుండా కూర్చునేటప్పుడే, అదీ నోట్లో పెట్టుకునే అలవాటు పోయాక.

జాతరల్లో, స్టేషనరీ షాపుల్లో చిన్న పొట్లాల్లో అమ్మే రంగురంగుల నీటి గోళీలు, అదే నీళ్ళలో వేస్తే ఉబ్బే జెల్లీ పూసలు, ఇంట్లోకే రానివ్వకండి. అవి వంద రెట్ల దాకా ఉబ్బగలవు, మింగితే పేగులో ఉబ్బి అడ్డం పడతాయి, ఎక్స్‌రేలో మామూలుగా కనపడవు కూడా. 2023 చివర్లో అమెరికాలో అమెజాన్, వాల్‌మార్ట్, టార్గెట్ వీటిని పిల్లల ఆటవస్తువులుగా అమ్మడం ఆపేస్తామన్నాయి. మన దగ్గర ఇంకా 'సెన్సరీ కిట్' పేరుతో అమ్ముతూనే ఉన్నారు. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ కూడా అంతే, మెత్తగా ఉంది కదా అని ఇవ్వకూడదు. టాల్కమ్ పౌడర్ వద్దు, పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముగ్గు పెట్టిస్తారా, బియ్యప్పిండి ఇవ్వండి, రంగుల ముగ్గుపొడి కాదు.

భోగిపళ్ళ సంగతి ఇక్కడ గుర్తొస్తుంది. ఐదేళ్ళ లోపు పిల్లల్ని కుర్చీలో కూర్చోబెట్టి రేగుపళ్ళు, బంతిపూల రేకులు, చెరుకు ముక్కలు, చిల్లర నాణేలు నెత్తిన పోస్తాం. ఇంతకన్నా సెన్సరీ ప్లే ఇంకేముంది? కానీ పిల్ల కిందికి దిగి ఆ రేకుల్లో చేతులు పెట్టబోయేసరికి 'పట్టులంగా పాడవుతుంది, ఇటు చూడు, ఫొటో' అంటాం. నాణేలు, రేగుపళ్ళు, చెరుకు ముక్కలు ఏరేసి ఆ రేకుల కుప్ప మధ్యలో దాన్ని అరగంట వదిలేస్తే పండగ నిజంగా దానిదవుతుంది.

బయట ఆడించే దారి ఈ ఊళ్ళో ఇరుగ్గానే ఉంది. మా చిన్నప్పుడు వీధిలో ఎక్కడ ఇల్లు కడుతున్నా ఇసుక కుప్ప ఉండేది, సాయంత్రానికి అందులో గూళ్ళు, సొరంగాలు. ఇప్పుడు కట్టడాల దగ్గర చూస్తే ఎక్కువగా ఎమ్-శాండే, రాయిని పగలగొట్టి చేసింది, గరుకుగా, సన్నటి దుమ్ముతో ఉంటుంది. అది పిల్లలు కూర్చుని ఆడే ఇసుక కాదు. అపార్ట్‌మెంట్ పార్కుల్లో ఉన్న కాస్త మట్టి మీదా రబ్బరు పలకలు పరిచేస్తున్నారు. అందుకే ఆదివారం పొద్దున్నే లాల్‌బాగ్. అక్కడున్న పెద్ద బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళు, జాతీయ భూవిజ్ఞాన స్మారకం కూడా. పిల్లకి ఆ లెక్కలు అక్కర్లేదు, చెప్పులు విప్పి వదిలితే పొద్దున చల్లగా, కాస్త పొద్దెక్కాక వెచ్చగా కాలికి తగిలితే చాలు. ఫిబ్రవరి, మార్చిలో కబ్బన్ పార్కులో గులాబీరంగు టబెబుయా పూలు రాలి పరుచుకుంటాయి, వాటిని ఏరించొచ్చు. కానీ రోడ్డు మధ్య డివైడర్లలో, అపార్ట్‌మెంట్ గోడల వెంట పెంచే గన్నేరు, పచ్చగన్నేరు పూలు ఏరనివ్వకండి. పువ్వు, ఆకు, కాయ, పాలు అన్నీ విషమే. ఏ పువ్వైనా పువ్వే అనుకునే వయసు కదా అది.

కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనక్కాయల జాతర జరుగుతుంది, దొడ్డ బసవన్న గుడి రోడ్డంతా వేరుశనక్కాయల కుప్పలే. రాయలసీమవాళ్ళకి ఆ వాసనకే ఊరు గుర్తొస్తుంది. సంచీ నిండా పచ్చి కాయలు తెచ్చాక ఇంట్లో పని ఇలా పంచుకుంటాం: కాయ నొక్కి చిట్లించేది పిల్ల, గింజ తీసుకునేది మేము, తొక్కలు మళ్ళీ పిల్లవి. ఎండిన తొక్కల మీద ఉత్త కాళ్ళతో తొక్కితే వచ్చే ఆ కరకరకి అది ఎగిరి గంతులేస్తుంది. తర్వాత ఆ తొక్కలు కుండీల్లోకి.

బొమ్మలు అసలు కొనొద్దని కాదు. మైసూరు రోడ్డులో వెళ్తే చన్నపట్నం దగ్గరే. అక్కడి బొమ్మలకి వాడే కర్రా, మన ఏటికొప్పాక బొమ్మలకి వాడే కర్రా ఒకటే, అంకుడు కర్ర. రెండు చోట్లా లక్క పూతే. చేతికి నున్నగా, కాస్త బరువుగా, పడితే టక్కుమనే ఆ బొమ్మలు ప్లాస్టిక్ వాటికన్నా ఎన్నో రెట్లు మేలు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే చాలా బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు కాబట్టి ఫుట్‌పాత్ మీద రంగులూడే బొమ్మ కొనేముందు అది చూడండి. అయితే లక్కపిడతల సెట్టు కొనిచ్చినా మా చిన్నది అసలు వంటింటి గరిటె కోసమే ఏడుస్తుంది. దాని తప్పేమీ లేదు, అందులో నిజంగా పని జరుగుతుందని దానికి తెలుసు.

ఈ 'నిజంగా పని' అన్నదాన్ని మరియా మాంటిస్సోరి వందేళ్ళ కిందే పట్టుకున్నారు. 1907లో రోములో పేద కార్మికుల పిల్లల కోసం మొదలుపెట్టిన బడిలో పిల్లల చేత ఊడ్పించారు, కడిగించారు, గిన్నెలోంచి గిన్నెలోకి పోయించారు. 1939లో మద్రాసు అడయారుకి దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద వచ్చి, రెండో ప్రపంచయుద్ధం మూలంగా 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు కూడా. ఆవిడ పేరు ఇవాళ బెంగళూరులో సందుకో బోర్డు మీద ఉంది, ఆ పేరు పెట్టుకోడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అలాంటి బోర్డున్న ఒకచోట మేము విచారించడానికి వెళ్తే, చిన్న చిన్న జగ్గుల్లోంచి పప్పు పోయించడాన్ని ప్రత్యేక ప్యాకేజీగా చూపించారు. దానికి వాళ్ళు చెప్పిన ఫీజు వింటే పప్పు మీద గౌరవం పెరిగింది.

ఫీజు వాళ్ళిష్టం. నాకు కోపం వచ్చేది, మాటలు ఆలస్యమైన పిల్లల తల్లిదండ్రులతో 'మా సెన్సరీ క్లాసులో చేర్చండి, మాటలు వచ్చేస్తాయి' అని చెప్పినప్పుడు. ఆట మంచిదే, కానీ ఆట చికిత్స కాదు. రెండేళ్ళు నిండేసరికి 'అమ్మ దా', 'పాలు కావాలి' లాంటి రెండు పదాలు కలిపి అనకపోతే, పేరు పెట్టి పిలిస్తే పలకకపోతే, తిండి, స్నానం, బట్టలు ప్రతిదీ ముట్టుకోనివ్వకుండా రోజు గడవడమే కష్టమైతే, టబ్బులు కొనకుండా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వినికిడి పరీక్ష చేయించమంటే చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ దాకా ఉచితంగా పరీక్షించి, అవసరమైతే జిల్లా స్థాయి కేంద్రానికి పంపే ఏర్పాటుంది. 'మగపిల్లలకి మాటలు లేటే', 'వాళ్ళ నాన్నా అంతే' అంటూ ఇంట్లో పెద్దవాళ్ళు ఆపుతారు, ఆగకండి.

ఇంకో మాట. ఇదంతా చదువుకున్న, డబ్బున్న వాళ్ళ వ్యవహారం అనుకోవద్దు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో 'నవచేతన' పేరుతో పుట్టుక నుంచి మూడేళ్ళ దాకా పిల్లల కోసం 140 ఆటలూ పనులూ ఇచ్చింది, ఇంట్లో తల్లిదండ్రులూ అంగన్‌వాడీ కార్యకర్తలూ చేయించేవి. అపార్ట్‌మెంట్ తల్లుల గ్రూపుల్లో దాని పేరు ఒక్కసారి కూడా వినలేదు నేను. మా పని అక్క మనవరాలు అంగన్‌వాడీకి వెళ్తుంది. ఆమె చెప్పే సంగతులు వింటుంటే, మా వాళ్ళు డబ్బు కట్టి పంపే క్లాసుల్లో జరిగేదానికన్నా అక్కడ మట్టి, ఆకులు, పాటలు ఎక్కువే ఉన్నట్టున్నాయి.

'ఇవన్నీ బాగానే ఉన్నాయి, ఆఫీసు నుంచి ఏడున్నరకి వచ్చి సిల్క్ బోర్డు ట్రాఫిక్ తలనొప్పితో మేము ఏం ఆడిస్తాం' అని అడుగుతారు మా స్నేహితులు. న్యాయమే. అందుకే విడిగా ఆడించొద్దంటున్నాను. స్నానం ఎలాగూ చేయించాలి, ఆదివారం నూనె రాసి నలుగు పెట్టేటప్పుడు కాస్త శనగపిండి దాని చేతిలోనే పెట్టి మన చేతికి రుద్దమనండి. బట్టలు మడతపెట్టేటప్పుడు తువ్వాలు, నూలు చీర, ఉన్ని స్వెట్టరు దాని ఒళ్ళో వేయండి. ఏమీ చేయలేని రోజు అరచేతిలో వేలితో అన్నం కలిపి, వేలువేలుకీ ఒక ముద్ద పెట్టి, మణికట్టు మీదుగా నడుచుకుంటూ చంకలో చక్కిలిగింత పెట్టే మన పాత ఆట ఉంది, పడుకుని కూడా ఆడించొచ్చు. అదీ చేతకాకపోతే ఫోన్ ఇస్తాం, మేమూ ఇచ్చాం. రెండేళ్ళ లోపు వీడియో కాల్స్ తప్ప తెర వద్దని, రెండు నుంచి ఐదేళ్ళ మధ్య రోజుకి గంట దాటొద్దని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. ఆ గంట లోపల ఉంటే టెన్షన్ పడను.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న గొడవ వేరే. రాగిపిండి, గోంగూర మీద మోజు తగ్గి, కూరగాయలు తరిగేటప్పుడు పక్కన నిలబడి కత్తి కావాలంటోంది. అరటిపండు తొక్క తీసి, అంచు మొద్దుగా ఉన్న స్టీలు చెంచా ఇస్తున్నాను, ముక్కలు కోసి పళ్ళెంలో పెడుతోంది. ఉడికించిన ఆలుగడ్డ వరకూ అత్తయ్య ఒప్పుకుంది. బెండకాయ మాత్రం మూడేళ్ళు నిండాకే అని ఆవిడా, అప్పుడు కూడా నేను పక్కన ఉంటేనే అని మా ఆవిడా తేల్చారు.